వదిన దాకా వచ్చిన మాట

పెద్దకోడలు మరిది చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించింది. ఆవిరితోపాటు చెక్కపొట్టు వాసన పైకి లేచింది. ఎన్ని నీళ్ళలో జాడించినా ఆ ఇంటి మగవాళ్ళ బట్టల్ని ఆ వాసన వదలదు.

రోజూ రెండు చొక్కాలు. ముందు భర్తది, తర్వాత మరిదిది. ఫ్యాక్టరీలో మీటింగు జరిగిన దగ్గర్నుంచి భర్త చొక్కా పెట్టిన మడత పెట్టినట్టే ఉంటోంది. అయినా పొద్దున్నే దాన్ని విప్పి, మళ్ళీ ఇస్త్రీ చేసి, మళ్ళీ అదే చోట పెడుతోంది.

ఆయన వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పనిరోజున ఈ వేళప్పుడు ఆయన్ని ఇంట్లో చూసినవాళ్ళు లేరు. నిచ్చెనల ఫ్యాక్టరీకి పోయే పనివాళ్ళు సైకిళ్ళ మీద ఆ ఇంటి ముందుకు రాగానే తల తిప్పుకుని ఎదుటి గోడ చూస్తూ పోతున్నారు. పలకరిస్తే తప్పో, పలకరించకపోతే తప్పో వాళ్ళకు తేలడం లేదు.

చిన్నవాడు పెరటి గుమ్మం దగ్గర నిలబడి చొక్కా అందుకున్నాడు. వీధి గుమ్మంలోంచి వెళితే అన్న ముందు నుంచి నడవాలి. అందుకని పెరటి దారి పట్టాడు.

"అన్నయ్య ఏమైనా అన్నాడా వదినా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమీ అనలేదు."

అతను గుండీలు పెట్టుకుంటూ కాసేపు ఆగాడు. ఆమె ఇస్త్రీపెట్టె తీగ చుట్టడంలో పడింది. అతను వెళ్ళిపోయాడు.

అనలేదన్నది అబద్ధం. నిన్న సాయంత్రం ఆయన అన్నాడు. "వాడికి చెప్పు. పొయ్యి వేరు చేసుకోమను. ఇద్దరం ఒక కప్పు కింద ఉండలేం."

ఆయన కేకలేస్తే ఆమెకు భయం లేదు. మర్నాటికి చల్లారిపోతాడు. ఇది మెల్లగా అన్నాడు. మెల్లగా అన్న మాట నుంచి ఆయన వెనక్కి వచ్చింది ఆమె కాపురానికి వచ్చాక ఒక్కసారి కూడా లేదు.

ఆ మాట ఇంకా ఆమె దగ్గరే ఉంది. చేరవేస్తే ఇల్లు రెండవుతుంది.

*

ఆ ఇంట్లో తమ్ముడు అన్నకు ఎదురు చెప్పడమనేది లేదు. ఫ్యాక్టరీలో అన్న ఏదైనా పొరపాటు చేస్తున్నాడని తోస్తే, ఇంటికొచ్చి వదినతో అంటాడు. వదిన సమయం చూస్తుంది. ఆయన స్నానం చేసి, టీ సగం తాగాక, "చిన్నవాడు ఏదో అంటున్నాడు" అని ఎత్తుకుంటుంది. మర్నాడు ఆయన తనకే తోచినట్టు ఆ పని మార్చేస్తాడు. తమ్ముడు అప్పుడే విన్నట్టు తల ఊపుతాడు. ఎవరి పరువూ పోదు, పనీ ఆగదు.

"మన ఫ్యాక్టరీకి ఆఫీసులు రెండు. ఒకటి గేటు పక్కన, ఇంకోటి వదినమ్మగారి వంటింట్లో" అని మేస్త్రీ అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా.

అంతకు ముందు మామగారికీ కొడుకులకూ మధ్య ఆ పని అత్తగారు చేసేది. చేతనైనన్నాళ్ళు చేసి, ఇంటి తాళాలతోపాటు దాన్ని కూడా పెద్దకోడలికి అప్పగించింది.

పై దేశం కంపెనీ వచ్చి ఫ్యాక్టరీలో సగం వాటా కొన్నాక కూడా అదే నడుస్తుందనుకున్నారు. వాళ్ళ తరఫున వచ్చినావిడ గుమ్మంలో తల వంచి గాని లోపలికి రాలేదు. పనివాళ్ళు ఆవిడకు పొడుగమ్మ అని పేరు పెట్టుకున్నారు. మొదటిసారి వచ్చినప్పుడు, ఫలానా తారీకుకు నిచ్చెనలు ఓడ ఎక్కించగలరా అని ఆవిడ అడిగింది. పెద్దవాడు అలాగేనన్నాడు. కుదరదని ఆయనకూ తెలుసు. కానీ కొత్తగా గడప తొక్కినవాళ్ళతో మొదటి మాటే కాదని ఎలా అంటాం? తర్వాత నెమ్మదిగా, పక్కకు పిలిచి, నచ్చచెప్పుకోవచ్చు అనుకున్నాడు. ఆవిడ ఆ అలాగేను అక్కడికక్కడే రాసుకుంది.

ఇక తారీకు అందుకోవాలి. చెక్క ఆరబెట్టే గదిలో వేడి పెంచాడు. చెక్క పైపైన ఆరింది.

*

వంటింట్లో చిన్నకోడలు గిన్నెలు తోముతోంది. ఆమె తోముతుంటే ఆ చప్పుడు వసారా దాకా వినపడాలని తోముతున్నట్టుంది.

పెద్దకోడలు పక్కన కూర్చుని తోమినవి తుడవడం మొదలుపెట్టింది. చిన్నకోడలే మాట మొదలుపెట్టింది. బావగారు అలా మొహం మాడ్చుకుని కూర్చుంటే చూడలేకుండా ఉందనీ, అలాగని తన మొగుడు చేసిన తప్పేమిటో కూడా తనకు తెలియడం లేదనీ అంది.

మీటింగులో జరిగింది అందరికీ తెలిసిందే. పొడుగమ్మ మేస్త్రీతో సహా అందర్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. వాళ్ళ పద్ధతిలో చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలట, పెద్దవాళ్ళు ఆఖర్న. పెద్దవాళ్ళు ముందు నోరు విప్పితే చిన్నవాళ్ళు నిజం చెప్పరట. సరుకు పంపడానికి ఏమైనా ఇబ్బంది ఉందా అని చిన్నవాడిని అడిగింది. అతను బల్ల వైపు చూస్తూ చెప్పాడు. చెక్క లోపల పచ్చిగా ఉంది, నాలుగు నెలలు పోతే మెట్లు వదులవుతాయి, ఎక్కినవాడు పడతాడు అని.

ఆ తర్వాత పెద్దవాడి వంతు వచ్చింది. ఆయనకు నలుగురిలో తల కొట్టేసినట్టయింది. నోరు తెరవలేదు. మీరేమంటారు అని ఆవిడ అడిగి, ఆగి, సరే అంది. పనంతా ఇకనుంచి తమ్ముడు చూస్తాడనీ, అన్నగారు సలహాదారుగా ఉంటారనీ అక్కడే తేల్చేసింది. లేచి పెద్దవాడికి చెయ్యి కలిపింది. నవ్వుతూనే కలిపింది. ఆవిడ మొహంలో ఏ మూలా కోపం లేదని మేస్త్రీ వచ్చి చెప్పాడు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుందని కూడా చెప్పాడు.

"మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. వాళ్ళు ఆ మిగతా సగం కూడా వాళ్ళే వేసుకున్నారు" అంది చిన్నకోడలు. అని, గిన్నె కింద పెట్టింది. "అయినా అక్కా, ఆయన చాటుగా ఏమీ చేయలేదు. ముందే నీతో చెప్పాడు. ఒకసారి కాదు. నువ్వు బావగారితో చెప్పానన్నావు. తెలిసీ బావగారు లారీ ఎక్కించబోతుంటే ఈయన ఏం చెయ్యాలి? ఎవడో నిచ్చెన మీంచి పడి నడుం విరిగితే ఆ పాపం ఎవరిది?"

పెద్దకోడలు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

అతను చెప్పిన మాట నిజమే. చెక్క ఆరలేదు, అన్నయ్యతో చెప్పు వదినా, తారీకు జరపమని ఆవిడనడగాలి అన్నాడు. ఆ సాయంత్రం ఆమె టీ పట్టుకుని వెళ్ళేసరికి భర్త అద్దం ముందు నిలబడి కొత్త కోటు తొడిగి చూసుకుంటున్నాడు. ఓడ కదిలే రోజున పై దేశంవాళ్ళు ఆయన్ని రేవుకు పిలిచారు. "వాళ్ళ పెద్దలతో పాటు నన్నూ నిలబెట్టి ఫొటో తీస్తారట" అన్నాడు. తండ్రి చేతి కింద పెరిగిన మనిషి. ఎవరో తనను పిలిచి నిలబెడతామన్నది అదే మొదటిసారి. భుజాల దగ్గర కొంచెం బిగువైందా అని అడిగాడు. సరిపోయిందని చెప్పి ఆమె కప్పు అక్కడ పెట్టి వచ్చేసింది.

మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడూ సమయం కాలేదు. ఈలోగా మరిది వచ్చి "చెప్పావా వదినా?" అని అడిగాడు. ఆ పూటకు గడిస్తే చాలన్నట్టు "చెప్పాను" అంది. "ఏమన్నాడు?" అంటే, "విన్నారు" అంది.

వంటింటి మూల మంచం మీద అత్తగారు నిద్రపోతోందనుకున్నారు కోడళ్ళిద్దరూ. ఆమె కళ్ళు తెరవకుండానే అంది, "మాట మోసేవాళ్ళు మధ్యలో మూత తీసి రుచి చూడకూడదమ్మాయ్."

ఎవరితో అందో చెప్పలేదు.

*

ఎండ వసారాలోకి వచ్చేవేళకు వీధిలో కారు ఆగింది.

పొడుగమ్మ దిగింది. వెనకాలే దుబాసీ అమ్మాయి. మాట అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మార్చి చెప్పడమే ఆమె ఉద్యోగం. పెద్దవాడు లేచి తన కుర్చీ ఆవిడకిచ్చి, తను బల్ల మీద కూర్చున్నాడు. పెద్దకోడలు టీ తెచ్చింది. కప్పులు ఇచ్చి తలుపు పక్కన నిలబడింది.

ఆవిడ రంగుకాగితం చుట్టిన పెట్టె ఒకటి ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకుని, విప్పకుండా పక్కన పెట్టాడు. ఇచ్చినవాళ్ళ ఎదుటే విప్పి చూడటం ఆశబోతుతనమని ఆ ఇంట్లో పిల్లలకు కూడా నేర్పుతారు. ఆవిడ ఆ పెట్టె వంకా ఆయన వంకా కాసేపు చూసింది. తర్వాత ఇక చూడలేదు.

యోగక్షేమాలు అడగలేదు. నేరుగా విషయంలోకి వచ్చింది. మీటింగులో మీరు ఏమీ అనలేదు, ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని ఉంటారు, సాయంత్రం ఈ ఏర్పాటు మా పెద్ద ఆఫీసుకు రాసి పంపుతున్నాను అంది. దుబాసీ అమ్మాయి ఒక్కో ముక్కా చెబుతోంది. చివరి ముక్క దగ్గర పెద్దకోడలు తలుపు చెక్క పట్టుకుంది.

"మీకు అభ్యంతరం ఉంటే ఇప్పుడు చెప్పండి. పంపకుండా ఆపుతానంటున్నారు."

పెద్దవాడు టీ కప్పులోకి చూశాడు.

"మీకెలా మంచిదనిపిస్తే అలా చెయ్యండి" అన్నాడు.

ఆ మాట అంటే ఏమిటో ఆ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. అన్న మనిషి గుండె ముక్కలైందని. ఎదుటివాళ్ళు వెంటనే అయ్యో, మీరు లేకపోతే ఎలాగండీ అనాలి. ఆయన కాదనాలి. వాళ్ళు మళ్ళీ అనాలి. అప్పుడు గాని అసలు మాట బయటికి రాదు. పెద్దకోడలు ఆ రెండో అడుగు కోసం ఎదురుచూసింది. ఆయన కూడా చూస్తున్నాడని ఆయన మెడ వంపును బట్టి ఆమెకు తెలుస్తోంది.

పొడుగమ్మ ముఖం తేలికపడింది. తల ఊపి టీ తాగింది.

ఒక్కసారే అడిగింది. రెండోసారి అడగడం వాళ్ళలో మర్యాద కాదేమో. అవతలి మనిషి మాట నమ్మలేదని అవుతుందేమో.

పెద్దకోడలు ముందుకు వచ్చింది. పరాయివాళ్ళ ముందు ఆ వసారాలో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

"అమ్మాయ్, ఆవిడతో చెప్పు" అంది దుబాసీతో. "ఈయన ఒప్పుకోలేదు. ఒప్పుకున్నట్టు కాదు అది."

ఆ అమ్మాయి ఒక క్షణం తటపటాయించి, చెప్పింది. పొడుగమ్మ ఆమె వంక చూడలేదు. నేరుగా ఆయన వైపు తిరిగి అడిగింది.

"మీ భార్య మీరు ఒప్పుకోలేదంటున్నారు. నిజమేనా అంటున్నారు."

ఇంట్లో ఎవరూ లేనప్పుడు అడిగినా ఆయన దానికి జవాబు చెప్పలేడు. ఇప్పుడు గేటు దగ్గర కారు డ్రైవరు వింటున్నాడు. ఎదురింటి కిటికీ తెరిచే ఉంది. భార్య చెబితే గాని తన మనసు తను చెప్పుకోలేనివాడని ఈ పై మనిషి అనుకోబోతోంది.

"ఆవిడకు ఫ్యాక్టరీ సంగతులు తెలియవు" అన్నాడు. "నేను ఒప్పుకున్నాను."

పెద్దకోడలు వెనక్కి, తలుపు దగ్గరికి, వెళ్ళింది.

పొడుగమ్మ లేచింది. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పాలనుకుంది. మనసులో నిజంగా అనుకుంటేనే చెప్పే మనిషిలా ఉంది ఆవిడ. ఆయన ఎదుట నిలబడి చాలాసేపు చెప్పింది. దుబాసీ అమ్మాయి శ్రద్ధగా విని, ఏదీ వదలకుండా అప్పజెప్పింది.

"మీ తమ్ముడుగారు అంతా చెప్పారట. చెక్క ఆరలేదన్న సంగతి మీటింగుకు చాలా ముందే మీ భార్య ద్వారా మీకు తెలియజేశారట. మీకు చెప్పానని ఆవిడే అన్నారట. ఆ సంగతి తెలిసి కూడా ఆ రోజు అందరి ముందు తమ్ముడి మాటకు మీరు అడ్డు రాలేదు, అలాంటి మనిషిని తను ఎక్కువగా చూడలేదు అంటున్నారు. మీ మీద చాలా గౌరవం కలిగిందంటున్నారు."

పెద్దవాడు చెయ్యి కలిపాడు. గేటు దాకా వెళ్ళి సాగనంపాడు. కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

*

ఆయన వెనక్కి వచ్చేసరికి ఆమె కప్పులు ఎత్తుతోంది.

"అక్కడ పెట్టు" అన్నాడు.

పెట్టింది.

"చిన్నవాడు నీతో చెప్పాడా?"

"చెప్పాడు."

"నాకు చెప్పానన్నావా?"

"అన్నాను."

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. ఎందుకని అడుగుతాడేమోనని ఆమె చూసింది. అడిగితే కోటు సంగతి చెప్పేది. ఆయన మొహంలో ఆ సంబరం చూసి నోరు రాలేదని చెప్పేది. ఆయన అడగలేదు. ఎండ ఆయన కాళ్ళ మీదికి వచ్చింది. ఆయన జరగలేదు.

"చెప్పి ఉంటే వేడి తగ్గించేవాణ్ణి" అన్నాడు. "తారీకు జరపమని నేనే అడిగేవాణ్ణి."

అడిగేవాడో లేదో ఆమెకు తెలియదు. ఆయనకూ తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

*

మధ్యాహ్నం భోజనానికి చిన్నవాడు పెరటి దారినే వచ్చాడు. ఈ మధ్య అన్న ముందే తినేసి గదిలోకి వెళ్ళిపోతున్నాడు కాబట్టి కాళ్ళు కడుక్కుని తేలిగ్గానే లోపలికి అడుగుపెట్టాడు. అన్న కంచం ముందు కూర్చుని ఉన్నాడు. కంచం ఖాళీగా ఉంది.

"రా. కూర్చో" అన్నాడు పెద్దవాడు.

చిన్నవాడు అలవాటు ప్రకారం వదిన వంక చూశాడు.

"అటు చూడకు. నిన్నే అడుగుతున్నాను. చెక్క పచ్చిదేనా?"

"పచ్చిదే అన్నయ్యా" అన్నాడు కూర్చుంటూ. "పైన ఒండ్రుమట్టి ఎండినట్టు ఎండింది. కోస్తే లోపల చెమ్మ. మెట్టు పట్టుకుని తిప్పితే బెజ్జంలో తిరుగుతోంది. చూసినవాటిలో సగానికి పైగా అంతే."

"మీ వదినతో చెప్పి పంపావు."

"పంపాను. నువ్వు విని ఊరుకున్నావనుకున్నాను. లారీలు కూడా మాట్లాడేశావు. అందుకే అక్కడ అన్నాను. లేకపోతే..." అక్కడితో ఆగిపోయాడు.

"నాకు చేరలేదు."

చిన్నవాడు మళ్ళీ వదిన వైపు తిరిగాడు. ఈసారి అన్న వద్దనలేదు. పెద్దకోడలు గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. చిన్నకోడలు నీళ్ళ చెంబుతో గుమ్మంలో ఆగిపోయింది.

"చెప్పానన్నావు వదినా."

"అన్నాను. చెప్పలేదు."

ఆమె ఇంకేదో అనబోయింది. అతను విననట్టుగా అన్న వైపు తిరిగాడు. ఇప్పుడే పోయి ఆవిడకు చెబుదామన్నాడు. జరిగింది చెబితే ఆవిడ అర్థం చేసుకుంటుందన్నాడు. ఇద్దరం కలిసి వెళదామన్నాడు.

"పొద్దున ఇక్కడికే వచ్చింది" అన్నాడు పెద్దవాడు. "అడిగింది. ఒప్పుకున్నానని నా నోటితో నేనే చెప్పాను. మీ వదిన కాదన్నా కూడా చెప్పాను. ఇప్పుడు పోయి ఇంట్లో ఆడవాళ్ళు మాట చేర్చలేదు, అందుకని ఇలా అయిందంటే ఏమనుకుంటుంది? ఫ్యాక్టరీ వంటింట్లోంచి నడుపుతున్నారా అంటుంది."

నడిచింది అక్కడి నుంచే. ఆ మాట ఎవరూ అనలేదు.

"ఇంకోటి" అన్నాడు పెద్దవాడు. "నిన్న నేను చెప్పి పంపింది నీకు అందిందా?"

"ఏది?"

పెద్దవాడు భార్య వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కొట్లో సరుకు ఎంత మిగిలిందో చూసే మనిషి చూపులా ఉంది.

"పొయ్యి వేరు చేసుకోమన్నాను" అని తమ్ముడితో అన్నాడు. "అదీ రాలేదన్నమాట."

చిన్నకోడలి చేతిలో చెంబు కదిలి నీళ్ళు ఒలికాయి.

"ఇంకా ఎన్ని ఉన్నాయి నీ దగ్గర?" అని భార్యను అడిగాడు.

ఆ ఒక్కదాన్నీ ఆపింది ఇల్లు నిలబెట్టడానికేనని ఆమె చెప్పవచ్చు. నిజం కూడా. కానీ ఏది ఇంటి కోసం ఆపింది, ఏది భర్త మొహం చూసి ఆపింది, ఏది తన సుఖం కోసం ఆపిందీ అని విడదీయబోతే ఆమె చేతికే అందలేదు. అత్తగారు ఎన్నడో అప్పగించిన పని. ఘాటు తగ్గించి చెప్పినవి ఉన్నాయి, ఆలస్యం చేసి చెప్పినవి ఉన్నాయి. చెప్పకపోయినా అన్నీ సర్దుకున్నాయి గదా అని మరిచిపోయినవి కూడా ఉన్నాయి.

గుమ్మంలోంచి చిన్నకోడలు మాట్లాడింది. ఆమె ఎప్పుడూ బావగారితో నేరుగా మాట్లాడి ఎరగదు. ఇప్పుడు మాట్లాడింది.

"బావగారూ, మా నాన్నకు జబ్బు చేసినప్పుడు ఇంకో పది రోజులు అక్కడే ఉంటానని అడిగించాను. మీరు వద్దన్నారని, వెంటనే వచ్చెయ్యమన్నారని అక్క కబురు చేసింది. వచ్చేశాను. మళ్ళీ వెళ్ళేసరికి ఆయనకు మాట పడిపోయింది. నన్ను గుర్తుపట్టలేదు." చెంబు రెండో చేతిలోకి మార్చుకుంది. "మీరు వద్దన్నారా?"

పెద్దవాడు చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు.

"నన్నెవరూ అడగలేదమ్మా" అన్నాడు.

అప్పుడు అత్తగారు నడుం విరిగి మంచాన పడి ఉంది. అత్తగారిని ఎత్తడానికీ, దించడానికీ, ఇంటిల్లిపాదికీ వండిపెట్టడానికీ పెద్దకోడలు ఒక్కతే. చేతులు పడిపోతున్నాయి. భర్తనడిగితే ఎలాగూ వద్దంటాడని అనుకుంది. అనుకున్నదాన్నే అన్నట్టు చెప్పింది.

"నేను ఒక్కదాన్నే ఉన్నాను అప్పుడు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఆమెకేసి చూడలేదు. చెంబు కింద పెట్టి, ఒలికిన నీళ్ళు కొంగుతో అద్దింది. మూల మంచం మీద అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది.

పెద్దవాడు కంచం ముందుకు జరుపుకున్నాడు.

"ఇక మీదట ఏదైనా ఉంటే నాతోనే చెప్పు" అన్నాడు తమ్ముడితో. "నేనూ నీతోనే చెబుతాను. పొయ్యి సంగతి తర్వాత చూద్దాం."

"అలాగే అన్నయ్యా."

"నువ్వు వడ్డించమ్మా" అన్నాడు చిన్నకోడలితో.

చిన్నకోడలు వచ్చి గిన్నె మూత తీసింది. గరిటె పెద్దకోడలి చేతిలోనే ఉంది. అది ఇమ్మని అడగలేదు. అలమర తెరిచి ఇంకో గరిటె తీసుకుంది.

ముందు బావగారికి, తర్వాత మొగుడికి వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక చిన్నవాడు, ఆ చెక్కంతా మళ్ళీ గదిలో పెట్టి ఆరబెట్టవచ్చని అన్నాడు. పెడితే పగుళ్ళు వస్తాయి గదా అన్నాడు పెద్దవాడు. వేడి తగ్గించి, తలుపు ఓరగా వేసి, నిదానంగా ఆరనిస్తే కొంతయినా దక్కుతుందన్నాడు చిన్నవాడు. ఇద్దరూ కంచాల్లోకి చూసుకుంటూ మాట్లాడుతున్నారు. కొత్తగా నడక నేర్చినట్టు మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నారు. ఆగిన చోట ఎవరో ఒకరు మళ్ళీ అందుకుంటున్నారు.

పెద్దకోడలు గరిటె బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది. అత్తగారి మంచం పక్కనుంచి నడిచింది. అత్తగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె వెళ్ళడం చూశాయి.

వంటింట్లో చిన్నవాడు, నిలువు కర్రలైతే ఫరవాలేదు, మెట్లే మార్చాలి అంటున్నాడు. ఎంత చెక్క కావాలని పెద్దవాడు అడుగుతున్నాడు.

వసారాలో రంగుకాగితం పెట్టె విప్పకుండా అలాగే ఉంది. పొద్దుటి కప్పుల్లో టీ తొరక కట్టింది. ఆమె చెప్పులు తొడుక్కుని గేటు తీసింది. ఎదురింటి కిటికీలోంచి ఎవరో ఎక్కడికి అని పలకరించారు. జవాబు చెప్పకుండా, పనివాళ్ళు సైకిళ్ళ మీద పోయే దారికి ఎదురు దిక్కున నడిచి వెళ్ళిపోయింది.